నాన్నగారి కంప్యూటరు

తెనాలిలో మా నాన్నగారి దినచర్య యొక విచిత్రమైన క్రమములో మొదలగుచుండెను. తెల్లవారగనే వారు కంప్యూటరు మీట నొక్కి, పూలసజ్జ చేతబట్టుకొని పెరటిలోనికి పోవుదురు. నందివర్ధనము పూలు కోసికొని, పాలు కాచుకొని, పూజ ముగించుకొని వచ్చునప్పటికి తెరమీది బొమ్మలన్నియు కుదురుకొని యుండెడివి. "దీనికిని నావలెనే వయసు మీరినదిరా! నిద్ర లేచుటకు కొంతసేపు పట్టును" అని వారు నవ్వుచుండెడివారు.

వారు ఉన్నత పాఠశాలలో ముప్పది నాలుగేండ్లు లెక్కలు బోధించి విశ్రాంతి గైకొన్నవారు. మా అమ్మ 2021లో పోయినది. అటుపిమ్మట ఆ ఇంటిలో వారొక్కరే. నేను హైదరాబాదులో నుందును. మా చెల్లెలు అమెరికాలోని డల్లాసు నగరమున కాపురమున్నది. ప్రతి ఆదివారము ఉదయము ఏడున్నర గంటలకు చెల్లెలును, దాని కూతురును కంప్యూటరు తెరమీద కనబడి నాన్నగారితో మాటలాడుదురు. చేతిఫోనులో మాటలాడరాదా యని మీరడుగవచ్చును. నాన్నగారి రెండు కన్నులకును శుక్లములు తీసిరి. అయినను చూపు చురుకుగా లేదు. అరచేతియంత తెరమీద మనుమరాలి ముఖము వారికి ఆనవాలు తెలియదు.

2025 మే నెలలో నేను నాలుగు దినములు సెలవు పెట్టి తెనాలి పోయితిని. ఆదివారము నాడు నాన్నగారి కుర్చీ వెనుక నిలుచుంటిని. మొదటి రెండు నిమిషములు బొమ్మ చక్కగా కదలినది. పిమ్మట నిలిచిపోయినది. మా మేనకోడలు క్రొత్తగా నేర్చిన నాట్యము చూపుచున్నదట! తెరమీద మాత్రము ఒక కాలు పైకెత్తిన పిల్ల శిలావిగ్రహమువలె నున్నది. గజ్జెల చప్పుడు తునకలు తునకలుగా వినవచ్చుచున్నది. నాన్నగారు ఆ కదలని బొమ్మను చూచుచు, తల యూపుచు, "బాగున్నదమ్మా! చాల బాగున్నది!" అనిరి.

మాటలు ముగిసిన తరువాత, "నాన్నగారూ, నాట్యము కనబడినదా?" అని నేనడిగితిని.

"వినబడినది గదా" అనిరి వారు.

"ఎంతకాలమునుండి ఇట్లున్నది?"

వారు వెంటనే బదులు చెప్పలేదు. కళ్లద్దములు తీసి పంచె చెరగుతో తుడుచుకొనుచు, "దానితో చెప్పకుము. అంత దూరమునుండి పిల్లచేత ఆడించి చూపుచున్నది. కనబడలేదన్నచో చిన్నబుచ్చుకొనును" అనిరి.

ఆ మాట నాకు ములుకువలె తగిలెను. దినమెల్ల కంప్యూటరు ముందు కూర్చుండి జీవనము చేయువాడను నేను. నా తండ్రి మీట నొక్కి పూలకు పోవుట చూచి నవ్వితినే గాని, ఏల పోవలసి వచ్చుచున్నదని ఒక్కనాడును ఆలోచింపనైతిని. ఆ పూటనే, వెల ఎంతయైనను సరే, క్రొత్త కంప్యూటరు కొనవలెనని నిశ్చయించుకొంటిని. అందునను అన్నిటికంటె బలమైన ప్రాసెసరు కొనవలెనని నా పట్టుదల.

ప్రాసెసరనగా కంప్యూటరులో లెక్కలు కట్టు భాగము. 1971లో ఇంటెల్ సంస్థ 4004 అను పేరుతో వెలువరించిన బిళ్లలో రమారమి 2300 ట్రాన్సిస్టర్లుండెను. నేటి బిళ్లలలో వానిని కోట్లలో లెక్కింపవలసి యున్నది. ఒక బిళ్లలోనే విడివిడిగా పనిచేయగల భాగములు కొన్ని యుండును. వానిని కోర్లందురు. ఒక వంటశాలలో నలుగురు వంటవారున్నట్లనుకొనుడు. నేను కొనదలచిన దానిలో అట్టివి 16 కలవు.

ఈ సంగతి గొప్పగా చెప్పగా నాన్నగారు, "గిద్దెడు బియ్యము వండుటకు పదునారుగురు వంటవారేలరా? అది ఎంత కరెంటు త్రాగును?" అని యడిగిరి.

చూచి చెప్పితిని. ఆ ప్రాసెసరు సామాన్యముగా 125 వాట్లు. మిక్కిలి శ్రమపడునప్పుడు 253 వాట్ల వరకు పోవును. "మన పాత పంకా 75 వాట్లు. మూడు పంకాలకు పైమాటయే గదా! వేసవిలో కరెంటు పోయినప్పుడు మన బ్యాటరీ పెట్టె దానిని మోయగలదా?" అని వారు లెక్క వేసిరి. నాకు బదులు తోచలేదు. అప్పుడు వారు తమ పాత అలవాటు చొప్పున ఒక తెల్లకాగితము నా ముందు పెట్టి, "మొదట దత్తాంశము వ్రాయుము. సాధన తరువాత" అనిరి.

నేను వ్రాసితిని. ఆదివారపు సంభాషణ, ఉత్తరములు చదువుట, కరెంటు బిల్లు చెల్లించుట, ఏటేట పింఛను కొరకు జీవన ప్రమాణపత్రము, ఇంటి జమాఖర్చులు, అప్పుడప్పుడొక ప్రవచనము, పాత సినిమా పాటలు. ఇంతే. కాగితములో నాలుగవ వంతు కూడ నిండలేదు.

పాత యంత్రము 2012 నాటిది. దానిలోనిది ఇంటెల్ కోర్ ఐ3-3220, రెండు కోర్లు. ఏ అవయవమెంత శ్రమపడుచున్నదో చూపు పట్టిక యొకటి కంప్యూటరులోనే కలదు. దానిని టాస్కు మేనేజరందురు. మరునాటి ఉదయము దానిని తెరచి నేను కాచుకొని కూర్చుంటిని. యంత్రము నిద్ర లేచుచున్నంతసేపును ప్రాసెసరు దాదాపు ఊరకయే యున్నది. హార్డు డిస్కు మాత్రము నూటికి నూరుపాళ్లు పనిలో నున్నది! నాకు వింత తోచెను. పిమ్మట హైదరాబాదులోని నా స్నేహితుని పిలిచి తెరమీద మాటలాడి చూచితిని. ఈ మారు డిస్కు నెమ్మదిగా నున్నది; ప్రాసెసరు నూటికి నూరుపాళ్లు ఆయాసపడుచున్నది. అనగా రోగములు రెండు. నేను రెంటికిని ఒకటే మందు వేయబోయితిని.

డిస్కు సంగతి సులభము. పాత డిస్కులో పళ్లెములు గిరగిర తిరుగుచుండగా ఒక సన్నని చేయి అటునిటు పోయి కావలసిన దానిని వెదకి తెచ్చును. పెద్ద గ్రంథాలయమునకు ఒక్కడే బంట్రోతు ఉన్నట్లు. ప్రాసెసరెంత చురుకుదైనను, వాడు పుస్తకము తెచ్చువరకు కాచుకొని యుండవలసినదే. దాని స్థానమున ఎస్‌ఎస్‌డి యను తిరుగని, కదలని సాధనమును పెట్టిన చాలును. పూలకు పోవు వ్యవధి దానితోనే తీరిపోవును. నా పదునారు కోర్లకు ఇందులో చేయగలిగిన దేమియు లేదు.

రెండవది కొంచెము లోతైనది. కదలు బొమ్మ యనగా సెకనుకు ముప్పది వరకు నిశ్చల చిత్రములు. అన్నిటిని ఉన్నవి ఉన్నట్లు సముద్రములు దాటించుట దుర్భరము గనుక, వానిని చుట్టచుట్టి పంపుదురు. ఇక్కడ విప్పవలెను. అదే సమయమున నాన్నగారి చిత్రమును చుట్టి అటు పంపవలెను. నేటి ప్రాసెసర్లలో ఈ చుట్టుటకు, విప్పుటకు ప్రత్యేకముగా నొక భాగముండును. అది బొమ్మలు గీయు గ్రాఫిక్సు భాగములో కలిసియుండును. పాత ప్రాసెసరుకు తరువాతి కాలమున వచ్చిన చుట్టు పద్ధతులు తెలియవు. కావున ఆ పనియంతయు రెండు కోర్లే మోసి, మోయలేక చతికిలబడినవి. దీనికి తోడు విండోస్ 10కు సామాన్య సహాయము ఆ యేడు అక్టోబరు 14తో ముగియనున్నది. విండోస్ 11 సామాన్యముగా ఇంటెల్ ఎనిమిదవ తరము మొదలు గాని అంగీకరింపదు; మాది మూడవ తరము. కనుక ప్రాసెసరు మార్చక తప్పదు.

సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయితిని. అది కంప్యూటరు సామగ్రి అమ్ము అంగళ్ల సముదాయము. అప్పటికి నా కోరికలు చాల తగ్గియుండెను. చూచినవి మూడు. ఆరు వాట్లతో నడచు ఇంటెల్ ఎన్100 మొదటిది. చిన్న డబ్బాలో అన్నియు అతికించియే వచ్చును. ఎఎండి వారి రైజెన్ 5 5600జి రెండవది. దానికి ఆరు కోర్లు. మూడవది ఇంటెల్ కోర్ ఐ3-12100. నాలుగు కోర్లు, 60 వాట్లు. ఆరు కోర్లు కాగితము మీది పనులకు అక్కరలేదు. ఎన్100 నాన్నగారికి చాలియుండెడిదని నేడు నాకనిపించును. కాని ఒక భాగము చెడినచో ఆ భాగము మాత్రమే మార్చుకొనవచ్చునని మూడవదానిని ఎంచుకొంటిని. పాత పెట్టెయు పనికివచ్చును గదా యని లోలోపల సంతోషము.

ఆ సంతోషమే నన్ను చెరచినది. అదే ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరము చేరిన రకమొకటి, దాదాపు రెండువేల రూపాయలు తక్కువకు కనబడినది. కోర్లు నాలుగే, వేగమదే. అక్షరము సంగతి అంగడివారి నడుగుటకు నాకు నామోషీ. దినమెల్ల కంప్యూటరు ముందు కూర్చుండువాడను గదా! ఆదా చేసితినని పొంగిపోవుచు దానిని, తగిన మదర్‌బోర్డును, ఎనిమిది జీబీల మెమొరీని, ఎస్‌ఎస్‌డిని కొని రైలెక్కితిని.

శనివారము రాత్రి నాన్నగారు దీపము పట్టుకొనగా అన్నియు బిగించితిని. ప్రాసెసరు అడుగున బంగారు పూత చుక్కలు 1700 ఉండునని చెప్పగా, భూతద్దము తెచ్చి చూచి మురిసిరి. "దీని వేగమెంత?" అని యడిగిరి. సెకనుకు 330 కోట్ల టిక్కులని చెప్పితిని. "పాతదానికి?" పాతదానికిని సరిగా అంతే! వారు భూతద్దము క్రింద పెట్టి నావైపు చూచిరి. ఒక్కొక్క టిక్కునకు క్రొత్తది చేయు పని యెక్కువయనియు, అవసరమైనప్పుడు 430 కోట్ల వరకు పోగలదనియు వివరించితిని. "అట్లయిన అడుగులు లెక్కించి లాభము లేదు, అడుగు పొడవు కూడ చూడవలెను" అనిరి. ఇంతకంటె చక్కగా చెప్పుట నా వలన కాదు.

మీట నొక్కితిమి. పంకా తిరిగినది. దీపము వెలిగినది. తెర మాత్రము నల్లగానే యున్నది. తీగలు మార్చితిని, మెమొరీ తీసి మరల పెట్టితిని. రాత్రి పండ్రెండయినది. చివరకు ఫోనులో వెదకగా తెలిసినది. ఎఫ్ అనగా అందులో గ్రాఫిక్సు భాగము పనిచేయదని గుర్తు. విడిగా గ్రాఫిక్సు కార్డున్నవారికే యది తగును. ఏ భాగము కొరకు ఇంత దూరము పోయితినో, ఆ భాగమే లేనిదానిని కొని తెచ్చితిని!

మరునాడు చెల్లెలితో మాట మాత్రమే నడచినది. "కంప్యూటరు బాగుచేయుచున్నాడమ్మా మీ అన్న" అని నాన్నగారు చెప్పుచుండగా నేను పెరటిలోనికి పోయితిని. పెట్టె తెరచిన సరకు వాపసు రాదు. గ్రాఫిక్సు కార్డున్న మా బంధువుల కుర్రవాడొకడు దానిని తక్కువ వెలకు తీసికొనెను. మూడువేల రూపాయలు నష్టము. నాన్నగారు ఆ మొత్తమును జమాఖర్చుల పుస్తకములో "అబ్బాయి చదువు" అను పద్దు క్రింద వ్రాసికొనిరి. ముప్పదేండ్ల తరువాత ఆ పద్దు మరల తెరచుట అదియే మొదటిసారియట.

తరువాతి శనివారము ఎఫ్ లేని ప్రాసెసరుతో పోయి బిగించితిని. తెర వెలిగినది. ఆదివారము తెల్లవారగనే నాన్నగారు మీట నొక్కి, యథాప్రకారము సజ్జ తీసికొని గడప దాటబోయి, యంత్రము సిద్ధమైన చప్పుడు విని వెనుదిరిగి చూచిరి. ఏడున్నరకు పిల్ల నాట్యము చేసినది. కాలు పైకి లేచి క్రిందికి వచ్చినది. నాన్నగారు ఈ మారు ఏమియు అనలేదు. ముందుకు వంగి, పిల్ల వెనుకనున్న గోడవైపు వేలు చూపి, "అమ్మాయీ! మీ అమ్మ పటము ఎప్పుడు కట్టించితివి?" అని యడిగిరి.

చెల్లెలు ఆశ్చర్యపడి, "సంక్రాంతికే గదా నాన్నగారూ! ఆనాడే మీకు చూపితిని. బాగున్నదమ్మా, చాల బాగున్నదంటిరి" అనెను.

నాన్నగారు కళ్లద్దములు తీసి తుడుచుకొని, మరల పెట్టుకొని, "కొంచెము దగ్గరగా చూపుము" అనిరి.