గుర్దాకి లగామ్

"కొండ హవా తగిలితే బీపీ అదే దిగిపోద్ది బేటా" అన్నారు అబ్బా, కిరండూల్ పాసింజర్లో కూర్చుంటూ. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు, అబ్బా పెదాల మీద దరూద్. అరకు సంతలో ఉప్పూ నిమ్మకాయా రుద్దిన మొక్కజొన్న పొత్తులు రెండు ఖుషీగా తిన్నారు. సాయంత్రానికి సర్ దర్ద్. దవాఖానాలో చూస్తే బీపీ 190/110. డాక్టర్ గట్టిగా అడిగితే బయటపడింది, ఆరు నెలలుగా మాత్రలే వేసుకోవట్లేదట!

ఉద్దానం గుర్దాల జబ్బు మీద ఎన్నో ఖబర్లు రాసినవాణ్ణి. ఇంట్లో అబ్బా మందుల డబ్బా ఒక్కసారీ తెరిచి చూడలేదు. షరమ్‌తో తల దించుకున్నా.

ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ గుర్దా అంటే ఛల్నీ, రక్తాన్ని వడగడుతుంది అని చెప్పారు. ఇన్నేళ్లూ అంతే అనుకున్నా. కానీ ఆ ఛల్నీకి దిమాగ్ నుంచి నరాల మీదుగా పైగామ్‌లు వెళ్తుంటాయి. నరాల జోరు పెరిగితే గుర్దా ఉప్పునీ నీళ్లనీ పట్టి ఉంచుతుంది, రెనిన్ వదులుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. బీపీ ఎక్కుతుంది.

ఆ జోరుకి లగామ్ కూడా దిమాగ్‌లోనే ఉంది. హైపోథాలమస్‌లో కొన్ని న్యూరాన్లు నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ తయారుచేస్తాయి. దాని జిందగీ కొన్ని సెకన్లే. ఎలుకల్లో అక్కడ ఆ గ్యాస్ తయారీని ఆపి చూస్తే గుర్దా నరాల జోరు పెరిగింది. గుండె బలహీనపడ్డ ఎలుకల్లో ఆ న్యూరాన్లే తగ్గి కనిపించాయి. ఇదే గ్యాస్ రక్తనాళాలను వదులు చేస్తుందని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు అమెరికన్లకి నోబెల్ ఇనామ్ వచ్చింది.

లోపల ఇంత నడుస్తున్నా మనకి ఖబర్ ఉండదు. "నాకేం తక్లీఫ్ లేదు కదా" అని మాత్ర మానేస్తాం. బీపీ మాత్రం ఏళ్ల తరబడి సద్దు లేకుండా గుర్దాని కొరుకుతుంది.

తిరిగొచ్చాక పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ హద్దు కాస్తే దాటింది. అల్లా కరమ్. ఇప్పుడు ఫజర్ నమాజ్ కాగానే మాత్ర, దస్తర్‌ఖాన్ మీద అచార్ బంద్.

మొన్న మాత్ర మింగి నావైపు చూశారు.

"నీ బీపీ ఎంత బేటా?"

నలభై దాటినా, నేనెప్పుడూ చూయించుకోలేదు.