నిదానమే ప్రధానము

పందెమనగానే వేగము స్ఫురించుట సహజము. గుఱ్ఱమైనను, సైకిలైనను, మోటారైనను ముందుగా గీటు దాటినవాడే విజేత. ఇందుకు భిన్నముగా, నెమ్మదిగా నడిపినవారిని గెలిపించు పందెమొకటి కలదు. బాట లేని నేలపై జీపులు నడుపు 'ట్రయల్' అను పోటీ అట్టిది. సంక్రాంతి సెలవులలో ఒక ఆదివారము ఇబ్రహీంపట్నము సమీపమున మిత్రులు ఏర్పాటు చేసిన అట్టి పోటీలో మేమిద్దరము పాల్గొంటిమి. మాలో ఒకరిది ఉర్దూ మాధ్యమము, మరొకరిది తెలుగు. వాహనము చాచాగారి పాత జీపు.

ఈ జీపు చరిత్రయు తెలిసికొనదగినదే. 1941లో అమెరికా సైన్యము కొరకు విల్లీస్ సంస్థ తయారుచేసిన యుద్ధవాహనము దీనికి మూలము. మన దేశమున 1945లో స్థాపింపబడిన 'మహీంద్రా అండ్ మహమ్మద్' సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పును ప్రారంభించెను. ఆ పేరులోని మహమ్మద్, అంతకు మునుపు నిజాం ప్రభుత్వమున ఆర్థిక శాఖను నిర్వహించిన మాలిక్ గులాం మహమ్మద్. దేశ విభజనతో ఆయన పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి కాగా, 1948లో సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారెను.

పోటీ జరిగిన ఊరికిని ఘనమైన గతము కలదు. 1550 నుండి 1580 వరకు గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన ఊరిది. తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని కీర్తించిన ప్రభువాయన. ఇచ్చటి పెద్దచెరువు ఆయన కాలము నాటిదే. చెరువునకు ఎగువన ఎఱ్ఱని చెల్క భూములు, వాని నడుమ బండరాళ్ళు. అందొక బీడులో, సొంతదారుని అనుమతితో, ఐదు మార్గములు గుర్తించిరి.

ఒక్కొక్క మార్గమున పది ద్వారములు. ద్వారమనగా నేల నాటిన రెండు వెదురు పుల్లలు. మొదటి దాని సంఖ్య పది, చివరి దాని సంఖ్య ఒకటి. ఏ ద్వారము కడ బండి ఆగినను, పుల్లను తాకినను ఆ సంఖ్యయే దండన. తక్కువ దండన పొందినవారిదే గెలుపు. గడియారముతో పని లేదు. ఒకరు నడుపగా, వేరొకరు నేలపై నిలిచి దారి చెప్పవచ్చును. నడుపువానికి తన చక్రము కనబడదు గదా!

మొదటి మార్గమును దండన లేక దాటితిమి. "ఆహిస్తా, ఆహిస్తా" అని ఒకరము కేక వేయగా, "మెల్లగానే పోతున్న!" అని రెండవవారము బదులు పలికితిమి. రెండవ మార్గమున గుంటలో ముందు ఎడమ చక్రము, వెనుక కుడి చక్రము ఒక్కమారే గాలిలోనికి లేచెను. మలుపులలో ఇరుప్రక్కల చక్రములు వేరువేరు వేగములతో తిరుగుటకు డిఫరెన్షియల్ అను అమరిక తోడ్పడును. కాని ఒక చక్రమునకు పట్టు తప్పినచో, ఇంజను శక్తి దానినే వృథాగా త్రిప్పును. నేలనున్న చక్రము కదలదు. దండన ఆరు. మాతో పోటీపడుచున్నవారే త్రాడు కట్టి మమ్ము బయటికి లాగిరి.

మధ్యాహ్నము వేపచెట్టు నీడన బగారా అన్నము, దాల్చా, సకినాలు అందరము పంచుకొంటిమి. నాలుగు మార్గములు ముగియునప్పటికి మా దండన తొమ్మిది, మమ్ము లాగినవారిది ఏడు. మిగిలినది ఐదవ మార్గము. అది పాత కాలువ గట్టునెక్కి దిగవలసినది. దానికొరకే మేము టైర్లలో గాలి తగ్గించి సిద్ధముగా ఉంటిమి.

అప్పుడు గొఱ్ఱెలు తోలుకొని వచ్చిన ఒక వృద్ధుడు పుల్లలను చూచి నిలిచెను. "బిడ్డా, ఈ గట్టు కుంగితే వానకాలం నీళ్ళు చెరువుకు పోవు. మా చేన్ల మీద పడ్తయి," అనెను.

నిర్వాహకులు దానిని పాడుబడిన కాలువ అనుకొనిరి. ఏమి చేయుదమని అందరినడిగిరి. ముందున్నవారు పలుకరైరి, పోటీ ఆపినచో గెలుపు వారిదే కనుక వారు పలుకుట సమంజసము కాదు. చెప్పవలసినవారము మేమే. మేమొకరి మొగమొకరము చూచుకొంటిమి. ఆ గట్టుపై గెలువగలమను నమ్మకము ఇరువురకును ఉండెను. చెరువును త్రవ్వించిన కాలమునకును మనకును నడుమ నాలుగు వందల యేండ్లు గడచినను, వాన నీటికి దారి నేటికిని ఇట్టి గట్టులే.

"వద్దు తాతా, ఎక్కము," అంటిమి.

రెండు దండనల తేడాతో ఓడితిమి. గెలిచినవారు వచ్చి చేయి కలిపిరి. చక్రము ఎచట మోపవలయునో ఎఱుగుట మాత్రమే నిదానమని ఉదయమున అనుకొంటిమి. ఎచట మోపరాదో ఎఱుగుటయు అందు భాగమేనని సాయంకాలమునకు తెలిసెను. వెలుతురుండగనే ఐదవ మార్గపు పుల్లలను మేమే పెఱికి, కట్టగట్టి జీపులో వేసికొంటిమి. గట్టుపై గొఱ్ఱెల అడుగులు తప్ప వేరొక జాడ లేదు.