అద్దాలు కుట్టిన సారె

పుట్టబోయే బిడ్డకు ఉయ్యాలగుడ్డ, నడక నేర్చిన బుజ్జిగాడికి అద్దాల టోపీ, అత్తారింటికి వెళ్లే పిల్లకు రవిక... ఒక్కటీ అంగట్లో కొన్నది కాదు. అన్నీ ఇంట్లో కుట్టినవే. గుజరాత్‌లోని కచ్‌లో తరతరాలుగా సాగిన ఈ ముచ్చటను ఒకరోజు అక్కడి కుల పెద్దలే వద్దన్నారు. అంత అందమైన పనిని ఎందుకు వద్దనుకున్నారు?

కచ్‌ అనగానే చాలామందికి వెన్నెల్లో మెరిసే తెల్లటి ఉప్పు ఎడారి గుర్తొస్తుంది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద జిల్లా ఇది. 45 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. భుజ్‌ పట్టణం దాటి ఉత్తరంగా కాస్త దూరం వెళ్తే చాలు... సర్కారు తుమ్మ, ఎండిన గడ్డి, బూడిదరంగు నేల. అక్కడక్కడా ఓ ఒంటె. కంటికి ఇంపైన రంగు ఒక్కటి కనిపిస్తే ఒట్టు! ఆ లోటు పూడ్చుకోవడానికేనేమో, అక్కడి ఆడవాళ్లు రంగులన్నిటినీ బట్టలమీదికి తెచ్చుకున్నారు.

ఆ బట్టల్లో ముందుగా చెప్పుకోవాల్సింది రబారీలవి. ఒంటెలు, గొర్రెలు, మేకలు మేపుకునే పశుపోషకులు వీళ్లు. మగవాళ్లు మందల్ని తోలుకుని మేత వెతుక్కుంటూ నెలల తరబడి వెళ్లిపోతే ఇల్లూ పిల్లలూ ఆడవాళ్ల బాధ్యత. వీళ్ల ఆడవాళ్లది నల్లటి ఉన్ని వేషం. నలుపే ఎందుకన్నదానికి వాళ్లలో రకరకాల కథలున్నాయి. ఆ నలుపుమీదే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలు, వాటి మధ్య తళుక్కుమనే అద్దాలు.

రబారీల ఊళ్లలో మధ్యాహ్నమంటే కుట్టుపని వేళ. నీళ్లు తెచ్చుకోవడం, వంట, పశువుల పని అయిపోయాక నీడపట్టున చేరేవారు. ఒడిలో గుడ్డ, చేతిలో సూది. మాటలు మాటలే, కుట్టు కుట్టే. పక్కనే కూర్చున్న ఆడపిల్లలు చూస్తూ చూస్తూ తామూ ఓ ముక్క అందుకునేవారు. బడి లేదు, పుస్తకం లేదు. అమ్మ చెయ్యే పాఠం.

ఉయ్యాలతో మొదలు

ఇంట్లో బిడ్డ పుడితే ఉయ్యాలలో పరిచేందుకు కుట్టుపూల గుడ్డ ఉండాల్సిందే. ఆ తర్వాత టోపీ, చొక్కా, ఆడుకోవడానికి గుడ్డబొమ్మ. మగవాళ్లు వేసుకునే ‘కెడియుం’ అనే కుచ్చుల చొక్కా ఉంటుంది. ఛాతీ దాకా బిగుతుగా ఉండి, అక్కడినుంచి గొడుగులా విచ్చుకుంటుంది. అచ్చం అలాంటిదే చంటివాడికీ కుడతారు. జానెడు చొక్కాకు కూడా పెద్ద చొక్కాకు పెట్టినన్ని హంగులు! మహా అయితే ఏడాది తొడుగుతాడు. ఆ తర్వాత అది తమ్ముడికో, చెల్లెలికో. చివరికి చిరిగినా పారేయరు. పాతగుడ్డలన్నీ పొరలు పొరలుగా పరిచి ‘ధడ్కీ’ కుట్టేస్తారు. అంటే మన బొంతే.

బట్టలమీద కనిపించే బొమ్మలూ ఎక్కడివో కావు. చిలుక, నెమలి, ఒంటె, గుడి, నీళ్లబిందెలు మోసే ఆడవాళ్లు, ఆఖరికి తేలు కూడా. రోజూ కళ్లముందు తిరిగేవే గుడ్డమీదికి ఎక్కాయి.

మరి ఆ అద్దాలెందుకు? అందానికి అందం. అసలు సంగతి దిష్టి. మనం బిడ్డ బుగ్గన నల్లచుక్క పెడతాం. వాళ్లు నెత్తిన అద్దం పెడతారు. చెడుచూపు అద్దంలో పడి వచ్చినదారినే వెనక్కి పోతుందని నమ్మకం.

ఆ అద్దానికి చిల్లు ఉండదు. జిగురూ వాడరు. మరి ఎలా నిలుస్తుంది? అదే చేతివాటం. ముందు అద్దంమీదుగా నిలువునా అడ్డంగా నాలుగు దారాలు లాగి చట్రం కడతారు. అవసరమైతే ఐమూలగా మరో నాలుగు. ఆ తర్వాత సూదిని ఒకసారి చట్రం దారంలోంచి, ఒకసారి గుడ్డలోంచి తీస్తూ చుట్టూ కుట్టుకుంటూ వస్తే, మధ్యలో ఉన్న దారాలు అంచులవైపు జరిగి అద్దాన్ని గట్టిగా పట్టేస్తాయి. దారం వదులైతే అద్దం జారుతుంది. మరీ బిగిస్తే గుడ్డ ముడతపడుతుంది. ఆ రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలో వేళ్లకే తెలియాలి.

కుట్టే చిరునామా

కచ్‌లో కుట్టు ఒక్క రబారీలది మాత్రమే కాదు. అహీర్లు, మేఘ్వాళ్లు, జాట్లు, ముత్వాలు, సోఢా రాజపుత్రులు... ఎవరి కుట్టు వారిదే. తెలిసినవాళ్లు రవిక చూసి మనిషి ఏ కులమో, ఏ ప్రాంతమో చెప్పేస్తారు. రబారీలది గొలుసుకుట్టు. దాంతో బొమ్మకు గీత గీసి, లోపల గుండ్రంవి, మూడు మూలలవి, నలుచదరంవి రకరకాల అద్దాలు పొదుగుతారు. గరాసియా జాట్‌ ఆడవాళ్లు గౌను ఎదభాగాన్ని సన్నటి ఇంటూకుట్టుతో నింపేస్తారు.

సోఢాల ‘సూఫ్‌’ కుట్టు మరీ విచిత్రం. బొమ్మ గీసుకోరు. గుడ్డను తిరగేసి, వెనకవైపునుంచి నేత పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. బొమ్మ ముందువైపు పడుతుంది. ఒక్క పోగు లెక్క తప్పితే వరసంతా పక్కకు పోతుంది. 1971 యుద్ధం తర్వాత సరిహద్దు అవతలి థార్‌పార్కర్‌నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు ఈ కుట్టును వెంట తెచ్చుకున్నాయి. అన్నీ వదిలేసి వచ్చినవాళ్లకు చేతిలో మిగిలిన ఆస్తి అదొక్కటే.

సారె బరువైంది

మన ఇళ్లలో ఆడపిల్ల అత్తారింటికి వెళ్తుంటే సారె పెడతాం. రబారీల సారె అంతా కుట్టుపనే. ఘాఘ్రా, ‘కాంచళీ’ అనే వీపులేని రవిక, ‘లూడీ’ అనే ముసుగు, పెళ్లికొడుక్కి కెడియుం, బట్టలు పెట్టుకునే సంచులు, దిండుగలేబులు, గుమ్మానికి తోరణం. అవును, అక్కడా దాన్ని తోరణమనే అంటారు! కాకపోతే మామిడాకులకు బదులు ఆకుల్లా వేలాడే గుడ్డముక్కలు. పుట్టబోయే పిల్లల ఉయ్యాలగుడ్డలూ అమ్మాయి చేతిమీదుగా తయారయ్యేవే.

సంప్రదాయం ప్రకారం గోకులాష్టమినాడు పెళ్లిళ్లు జరిపించేవారు. పెళ్లయినా పిల్ల వెంటనే కాపురానికి వెళ్లదు. సారె మూట సిద్ధమైతేనే పంపడం. అందుకే చిన్నప్పుడే సూది పట్టేది. మొదట్లో అది ముచ్చటే. తన ఇంటికి తానే రంగులు వేసుకోవడం లాంటిది.

రానురాను ముచ్చట కాస్తా లెక్కలోకి దిగింది. ఫలానావారి కోడలు ఎన్ని తెచ్చింది? మన కోడలు ఎన్ని తెస్తుంది? ఒకరు పది పెడితే మరొకరు పన్నెండు. కుట్టేది మిషన్‌ కాదు, మనిషి. ఒక్క రవికకే వారాలు పడుతుంది. మూట పెద్దదయ్యేకొద్దీ కాపురం వాయిదాపడేది. వయసు మీదపడుతున్నా అమ్మాయిలు పుట్టింట్లోనే కూర్చుని కుడుతూనే ఉండేవారు. ప్రేమగా మొదలైన సూది పిల్లల కాళ్లకే బంధమైంది.

చివరికి 1995లో ఢేబరియా రబారీ పెద్దలు సమావేశమై ఓ కట్టుబాటు చేశారు. కచ్‌ రబారీల మూడు శాఖల్లో ఇదొకటి. ఇకనుంచి తమవాళ్లు చేతికుట్టు బట్టలు చేయకూడదు, వేసుకోకూడదు. అంతే! తరాలుగా తమ గుర్తుగా నిలిచినదాన్ని ఎవరో వచ్చి లాక్కోలేదు. వాళ్లకు వాళ్లే ఆపేసుకున్నారు.

ఇందులో తప్పెవరిదని తేల్చడం తేలిక కాదు. ఆడపిల్లలు వేళకు కాపురానికి వెళ్లగలిగారు. పగలంతా సూదికి కట్టుబడాల్సిన పనీ తప్పింది. అదే సమయంలో, తల్లినుంచి కూతురికి చేతిలో చెయ్యివేసి అందిన విద్య కళ్లముందే ఆగిపోయింది. కాపురానికి అడ్డం వచ్చింది కుట్టా, కుట్టును లెక్కబెట్టిన మనుషులా? ఆ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

చేతులు ఊరుకోలేదు

కుట్టొద్దన్నారుగానీ అలంకరించుకోవద్దనలేదు కదా! ఢేబరియా ఆడవాళ్లు బజార్లో దొరికే రిబ్బన్లు, జరీ అంచులు, లేసులు తెచ్చి మిషన్‌మీద వరసలు వరసలుగా అతికించడం మొదలుపెట్టారు. వారాల పని గంటల్లోకి వచ్చింది. ‘హరి జరీ’గా పేరుపడిన ఈ పనితోనే పాబీబెన్‌ రబారీ దేశమంతటికీ తెలిశారు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన ఆమె, తన పెళ్లికి వచ్చిన విదేశీ అతిథులకు తాను కుట్టిన సంచుల్ని కానుకగా ఇచ్చారు. అవి వాళ్లకు తెగ నచ్చేశాయి. ఆ కానుకే వ్యాపారానికి దారి చూపింది. తోటి మహిళల్నీ కలుపుకుని భద్రోయి గ్రామంనుంచి సంచులు, ఇతర వస్తువులు అమ్మడం మొదలుపెట్టిన ఆమెకు 2016లో జానకీదేవి బజాజ్‌ పురస్కారం దక్కింది.

కుట్టు కూలిగా మారిన కథ అంతకుముందే మొదలైంది. 1969 కరవులో సాయానికి వెళ్లిన చందాబెన్‌ ష్రాఫ్‌, ధనేటీ గ్రామంలో అహీర్‌ మహిళల బట్టలు చూసి ఆశ్చర్యపోయారు. వాళ్లకు కావలసింది దానం కాదు, పని అనిపించి కుట్టుపని ఇచ్చారు. అదే ‘శ్రుజన్‌’ సంస్థకు నాంది. ఈ కృషికి 2006లో ఆమెకు రోలెక్స్‌ అవార్డు వచ్చింది. సుమ్రాసర్‌ షేఖ్‌ గ్రామంలో 1993లో ‘కళారక్ష’ మొదలైంది. 2001 జనవరి 26న వచ్చిన భూకంపంలో ఊళ్లకు ఊళ్లే కూలిపోయి, వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఇంటితోపాటు సారె పెట్టెల్నీ పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆ తర్వాత నిలదొక్కుకోవడానికి ఎందరికో ఆసరా అయింది మళ్లీ సూదే.

అయితే తన బిడ్డకు కుట్టడం వేరు, ఊరూపేరూ తెలియని కొనుగోలుదారుకు కుట్టడం వేరు. బిడ్డ టోపీకి రంగులు అమ్మ ఎంచుకుంటుంది. ఆర్డరుకు రంగులు ఎవరో ఎంచుతారు, ఆమె నింపుతుంది. ఈ తేడా గమనించే కళారక్ష 2005లో పల్లె కళాకారుల కోసమే డిజైన్‌ బడి తెరిచింది. కుట్టే చెయ్యే ఏం కుట్టాలో నిర్ణయించుకోవాలన్నది దాని ఉద్దేశం.

ఇదంతా ఎక్కడో దూరాన జరిగిన కథ అనిపించొచ్చు. కానీ తెలంగాణ తండాల్లో పెద్దవయసు లంబాడీ మహిళల్ని చూడండి. అద్దాలు కుట్టిన వీపులేని రవిక. దాని పేరూ కాంచళీయే! వాళ్ల మనవరాళ్లు చుడీదార్లు వేసుకుంటున్నారు. పాత కాంచళీలు పండగలకు బయటికొచ్చి, మళ్లీ పెట్టెలోకి వెళ్తున్నాయి. కచ్‌లో పెద్దలు తీర్మానం చేసి ఆపినదాన్ని, ఇక్కడ ఏ తీర్మానమూ లేకుండానే కాలం ఆపేస్తోంది.

తిరగేసి చూడండి

కచ్‌ చూడాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఎండలు ముదిరితే తట్టుకోవడం కష్టం. తెలుగు రాష్ట్రాలనుంచి అహ్మదాబాద్‌ లేదా ముంబయి చేరుకుంటే అక్కడినుంచి భుజ్‌కు రైళ్లున్నాయి. భుజ్‌కు దగ్గర్లోని అజ్రఖ్‌పుర్‌లో శ్రుజన్‌వాళ్లు 2016లో ప్రారంభించిన ఎల్‌.ఎల్‌.డి.సి. మ్యూజియం ఉంది. ఏ కుట్టు ఎవరిదో ఒకేచోట తెలుసుకోవచ్చు. నేతకారుల ఊరు భుజోడీ కూడా దగ్గరే. రబారీల ముసుగులు, కంబళ్లు తరాలుగా నేసిచ్చింది అక్కడి వణకర్లే. తెల్లటి ఎడారి చూడాలంటే ఉత్తరాన ధోర్‌డో వైపు వెళ్లాలి. అది సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతిపత్రం తప్పనిసరి.

పిల్లలకోసం ఏదైనా కొనాలనిపిస్తే మాత్రం ఒక్క జాగ్రత్త. ఇప్పుడు మిషన్‌ కుట్టు కూడా చూడ్డానికి చేతికుట్టులాగే ఉంటోంది. అందుకే ముందువైపు చూసి మురిసిపోకుండా గుడ్డను తిరగేయండి. మిషన్‌దైతే వెనక కూడా ఒకే కొలతలో, ఒకే వరసలో సాగిపోతుంది. చేతిపనికి అక్కడో ముడి, ఇక్కడో పోగు, ఎక్కడో కాస్త వంకర ఉంటాయి. బహుశా ఆ వంకర దగ్గరే బిడ్డ ఏడిస్తే అమ్మ లేచి వెళ్లి ఉంటుంది... మళ్లీ వచ్చి, అక్కడినుంచే అందుకుని ఉంటుంది.