కాలు జారితే...

ఇరవయ్యొక్క సంవత్సరాలుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఇన్నేళ్ళలో కనీసం పదిహేనుసార్లయినా ప్రవరుణ్ణి హిమాలయానికి పంపించి ఉంటాను. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని వెళ్ళడం, ఆ పసరు కాస్తా మంచుకు కరిగిపోవడం, ఇంటికి దారి తెలియక ఆ బ్రాహ్మడు అల్లాడిపోవడం - ఇదంతా ఫాను కింద నిలబడి, చెమటలు తుడుచుకుంటూ వర్ణించేవాణ్ణి. ఒక ఏడు వెనకబెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, మీరెప్పుడైనా మంచు చూశారాండీ?" అని అడిగాడు. "మనుచరిత్రలో చూశాను, కూర్చో!" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ ప్రశ్న మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది.

అటువంటి నాకు మంచు ఎక్కడ దొరికిందనుకున్నారు? హిమాలయంలో కాదు, ఎడారిలో! వేసవి సెలవుల్లో, దుబాయిలో.

మా తమ్ముడు అక్కడ పద్ధెనిమిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. ఇన్నాళ్ళూ రమ్మని వాడు పిలవలేదని కాదు, నేను వెళ్ళలేదు. మా ఇద్దరి మధ్యా ఒక మాట అడ్డం పడి ఉంది. ఆ మాట అన్నవాణ్ణి నేనే.

2020 జనవరిలో నాన్న మంచాన పడ్డారు. "ఓసారి వచ్చి చూసి వెళ్ళరా" అన్నాను. "పిల్లవాడి పరీక్షలు కానీ అన్నయ్యా, ఏప్రిల్లో అందరం వస్తాం" అన్నాడు. మార్చి 22 నుంచి పైదేశాల విమానాలు మన దేశానికి రావడం ఆగిపోయింది. మే నెలలో నాన్న పోయారు. వాడు అక్కడ ఫోనులో చూస్తూ ఉండగా ఇక్కడ నేను కొరివి పెట్టాను. ఆ రాత్రి వాడు ఫోను చేసి, "ఖర్చులకి ఎంత పంపమంటావు అన్నయ్యా?" అని అడిగాడు. పాపం, వాడికి మాత్రం ఇంకేం అడగాలో ఏం తెలుసు? "నాన్న ఎదురుచూసింది నీ కోసంరా, నీ డబ్బు కోసం కాదు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తరవాత ఫోను పెట్టేసిన చప్పుడు.

ఆ తరవాత మేము మాట్లాడుకోలేదని కాదు. మాట్లాడుకుంటూనే ఉన్నాం. వానలు పడ్డాయా, అమ్మ మందులు వేసుకుంటోందా, కొబ్బరి దింపు ఏమాత్రం వచ్చింది - ఇల్లాంటివి. ఈ ఏడు మా మరదలే పట్టుబట్టింది. "బావగారూ, ఈసారి మీరు రాకపోతే మేమూ రాం" అని టిక్కెట్టు పంపింది. అమ్మ కూడా, "వెళ్ళి వాడెల్లా ఉన్నాడో కళ్ళారా చూసి రా నాయనా" అంది. వెళ్ళాను.

వెళ్ళిన నాలుగోనాడు మా తమ్ముడి కొడుకు, పదేళ్ళవాడు, "పెదనాన్నా! మంచుకొండ ఎక్కుదాం రా" అన్నాడు. బయట ఎండ నలభై డిగ్రీలు దాటింది. వీడికి వడదెబ్బ గాని తగిలిందా అనుకున్నాను.

నిజంగానే మంచుకొండ ఉంది. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ అని అంగళ్ళన్నీ ఒక్కచోట చేర్చిన పేద్ద భవనం. దాని పక్కనే అంటుకుని స్కీ దుబాయి అనే మంచుశాల. 2005లో తెరిచారు. విస్తీర్ణం 22,500 చదరపు మీటర్లు. లోపలి కొండ ఎత్తు 85 మీటర్లు, అంటే ఇరవై అయిదంతస్తుల మేడంత. జారడానికి అయిదు దారులున్నాయి. అన్నిటికన్న పొడుగైనది 400 మీటర్లు. పగలల్లా సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు దిగువ చలి. రాత్రి జనం వెళ్ళిపోయాక చలి మరింత పెంచి, పైకప్పు దగ్గర నుంచి చల్లటి నీటిని సన్నటి తుంపరగా చిమ్ముతారు. నేలకు దిగేలోగా ఆ తుంపర గడ్డకట్టి మంచవుతుంది. గోడలూ కప్పూ దళసరి పొరలతో కట్టి బయటి వేడి లోపలికి రాకుండా చేశారు. మన ఊళ్ళో ఐసుగడ్డను రంపపుపొట్టులో దాచే కిటుకే ఇది. కాకపోతే ఇక్కడ గడ్డకు బదులు కొండను దాచారు.

ఇంట్లో మంచుకొండ పెట్టుకోవాలన్న సరదా ఈనాటిది కాదు లెండి. 1927లోనే వియన్నాలో, రైళ్ళు ఆగిపోయిన ఒక స్టేషనులో, సోడాతో చేసిన నకిలీ మంచు పరిచి జనాన్ని జారించారట. ఇక్కడిది మాత్రం అసలు మంచే.

కోటు, లాగు, బూట్లు, కాళ్ళకు కట్టుకునే స్కీలు - అన్నీ అద్దెకిచ్చారు. బూట్లు కావు అవి, ఇనప్పెట్టెలు! చీలమండ కదలదు. నేను ఆపసోపాలు పడుతుంటే అక్కడ పనిచేసే కుర్రవాడు వచ్చి వంగి బిగించాడు. నేను తమ్ముడితో మాట్లాడడం విని, "మనోళ్ళేనా సార్? మాది నిజామాబాద్" అన్నాడు. ఆ జిల్లా నుంచీ కరీంనగర్ నుంచీ ఎంతమంది ఆ ఎడారికి పోయారో మనకు తెలియనిది కాదు. ఊరు చూసి ఎన్నాళ్ళయిందని అడిగాను. "రెండేండ్లు దాటింది సార్" అని నవ్వి, వెంటనే మాట మార్చాడు. "కొత్తోళ్ళు భయపడి ఎన్కకు వంగుతరు సార్. ఎన్కకు వంగితే ఇంకా జోరుగ పోతయి. ముందుకు వంగుండ్రి." నేను ఆరోజు విన్న పాఠాల్లో మొదటిదీ, మంచిదీ అదే.

లోపల అడుగుపెట్టగానే ఊపిరి పొగై పోయింది. వంగి గుప్పెడు మంచు తీసుకున్నాను. మెత్తగా ఉంది, పొడిగా ఉంది. పిండితే బెల్లంపాకంలా ముద్ద కట్టింది. ఆ వెనకబెంచీ కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు.

అక్కడొక నియమం ఉంది. ఆగడమూ మలుపు తిప్పడమూ రానివాళ్ళను పెద్ద కొండ ఎక్కనివ్వరు. అంచేత కింద చిన్న వాలు మీదే నా అక్షరాభ్యాసం. మా శిష్యురాళ్ళ ఈడు పిల్ల, ఏ దేశమో గాని, నాకు గురువు. ముందుగా నేర్పింది జారడం కాదు, పడడం! పక్కకు, పైవాలువైపుకు పడాలి. తరవాత లేవడం. ఆ తరవాత ఆగడం. ఆగాలంటే మడమలు ఎడం చేసి, స్కీల ముందు కొసలు దగ్గరగా తేవాలి. "పిజ్జా ముక్కలాగ, పెదనాన్నా!" అని మావాడు కేక పెట్టాడు. నేను పూరిపాక కప్పు అని గుర్తుపెట్టుకున్నాను.

గుర్తయితే పెట్టుకున్నాను గాని, కదిలాక ఏదీ గుర్తుకు రాలేదు. మూడోసారి దిగుతున్నప్పుడు వేగం హెచ్చింది. భయం వేసింది. భయం వేస్తే ఎవరైనా చేసే పనే నేనూ చేశాను - వెనక్కి వంగాను. చెక్కలు రెండూ నన్ను విడిచి పారిపోతున్నట్టు దూకాయి. ఆగాలని ఉంది, ఆగడం చేతకాలేదు. వెల్లకిలా పడ్డాను. కళ్ళజోడు ఒకచోట, నేనొకచోట.

తమ్ముడు జారుకుంటూ వచ్చి, నా పక్కన చప్పుడు లేకుండా ఆగాడు. కొడుకుతోపాటు తిరగడానికి వాడూ నేర్చుకున్నాడట. కళ్ళజోడు తుడిచి నా చేతికిచ్చాడు.

"దెబ్బ తగిలిందా అన్నయ్యా?"

"లేదురా. కాలు జారింది, అంతే" అన్నాను. ఆ మాట అనగానే, మన పెద్దవాళ్ళు చెప్పే సామెతలో తక్కిన సగం గొంతులోకి వచ్చింది. కాలు జారితే తీసుకోగలం గాని, నోరు జారితే తీసుకోలేం. ఎన్ని క్లాసుల్లో ఎన్నిసార్లు చెప్పానో ఆ ముక్క!

లేవకుండా అల్లాగే కూర్చుని అన్నాను: "ఆ రాత్రి నేను అన్న మాట అనకూడనిదిరా. నువ్వు రాలేకపోయావు గాని, రాక మానలేదు. నాకది అప్పుడూ తెలుసు."

వాడు ఎటో చూస్తూ, "ఆవేళంతా సూట్‌కేసు సర్దుకుని తలుపు దగ్గర పెట్టుకున్నాను అన్నయ్యా" అన్నాడు. "విమానం లేదని తెలుసు. అయినా పెట్టుకున్నాను. వారం రోజులు అక్కడే ఉంది."

నాకు మాట పెగల్లేదు. ఇంటికి పోవాలని ఉండీ దారి మూసుకుపోయినవాడి వేదన ఇరవయ్యొక్క ఏళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నాను. నా ఇంట్లోవాడికే అది వస్తే పోల్చుకోలేకపోయాను.

"ముందు చెక్కలు వాలుకు అడ్డంగా తిప్పు. అల్లాగే లేస్తే మళ్ళీ జారతావు" అని వాడు చెయ్యి అందించాడు. లేచాను. పైనుంచి మావాడు, "నాన్నా! పెదనాన్నని వదిలెయ్, తనే వస్తాడు!" అని అరుస్తున్నాడు. వీడు వదల్లేదు. కింద దాకా నా మోచెయ్యి పట్టుకునే తీసుకువచ్చాడు. చిన్నప్పుడు కాలవగట్టు మీద వీడికి సైకిలు నేర్పుతూ, చెప్పకుండా వెనక చెయ్యి వదిలేసింది నేను. ఆ మచ్చ ఇంకా వాడి మోకాలి మీద ఉంది.

ఆ రాత్రి అమ్మకు ఫోను చేశాం. "మంచు ఎల్లా ఉందిరా?" అని అడిగింది. "చల్లగా ఉందమ్మా, పడితే దెబ్బ తగలదు" అన్నాను. "మరి వాడెల్లా ఉన్నాడు?" అంది. ఫోను తమ్ముడి చేతికిచ్చి నేను వసారాలోకి వెళ్ళిపోయాను. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

కాలేజీ తెరిచారు. వచ్చే నెలలో మళ్ళీ ప్రవరుడు హిమాలయానికి వెళ్ళాలి. ఈసారి ఎవరైనా లేచి మంచు చూశారా అని అడిగితే చూశానని చెబుతాను. ఎవరూ అడగకపోయినా ఆ పసరు కరిగే చోట మాత్రం కాస్త నెమ్మదిగా చెబుతాను.