లారీ పనికి బోవు బిడ్డల తల్లులకు

పూర్వము బకింగ్‌హాం కాలువలో పడవలమీద సాగిన మా నెల్లూరు తీరపు సరకు నేడు చెన్నపట్టణము నుండి కలకత్తాకు బోవు 16వ నంబరు జాతీయ రహదారి మీద సాగుచున్నది. కృష్ణపట్నమున 2008లో క్రొత్త రేవు తెఱవబడినది మొదలు బొగ్గు లారీలును, 2009లో వనామి రొయ్యల పెంపకమునకు ప్రభుత్వ మనుమతించిన పిమ్మట మంచుపెట్టెల లారీలును మిక్కిలి పెరిగినవి. మా యింటివారి పాఠశాలలో పదవ తరగతి ముగించిన బాలురలో కొందఱు క్లీనర్లుగా జేరి, డ్రైవర్లు కావలెనని కోరుచున్నారు. “అమ్మా, మావాడు లారీ నేర్చుకుంటానని పట్టుబట్టినాడు, అయ్యవారితో ఒక మాట చెప్పించండి” అని తల్లులు మా వాకిట నిలుచుట కలదు. వలదనుట మా మతము కాదు. ఒళ్లు వంచి తెచ్చు కూడు హీనమైనది కాదు గదా! అయితే ఆ తల్లులతో మేము చెప్పు మాటలు కొన్ని గలవు.

మొదట లైసెన్సు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 20 ఏండ్లు నిండనిదే సరకుల బండిని నడుపరాదు. చిన్నబండి లైసెన్సు పొంది ఏడాది గడచిన పిమ్మటనే పెద్దదానిని నేర్చుకొనుట కనుమతి నిత్తురు. ఎనిమిదవ తరగతి చదివి యుండవలెనను నిబంధనను 2019లో తీసివేసిరి. అంతమాత్రమున చదువు అక్కఱలేదని తలపవలదు. బీమా, పర్మిట్టు, ఫిట్‌నెస్ కాగితములను తాను చదువుకొనలేని వాడు యజమాని చెప్పిన దెల్ల నమ్మవలసిన వాడగును. దారిలో ఆపి అడుగునది యజమానిని కాదు, వీనినే. కాటా చీటీలోని బరువు చూచి, మితిమీరినచో “ఈ లోడు నేను ఎత్తను” అని చెప్పగలుగవలెను.

వీటన్నిటికంటె మా మనస్సును కలచునది నిద్ర. రొయ్యలు పట్టిన వెంటనే మంచులో పెట్టి, అది కరగకమున్నే ఫ్యాక్టరీకి చేర్పవలెను. కొన్నవాడు “తెల్లవారేలోగా” అనును. యజమాని “ఇంకొక ట్రిప్పు” అనును. రాత్రి రెండు మొదలు ఐదు గంటల వఱకు మనుష్య దేహము నిద్రనే కోరును. టీ త్రాగినను, ముఖము కడిగినను, పాటలు పెట్టుకొన్నను అది కొంతసేపు వాయిదా పడునే గాని తీరదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు లారీలో నాలుగు సెకనులు కన్ను మూతపడినచో, బండి 200 అడుగులకు పైగా నడుపువాడు లేకయే పరుగిడును. ఆ 200 అడుగులలో పాలకేంద్రమునకు బోవు ముసలివాడొకడు ఉండవచ్చును. కన్ను బరువెక్కగానే బంకులోనికో ధాబాలోనికో బండిని చేర్చి, ఇరువది నిమిషములైనను పండుకొనవలెను. రోడ్డు అంచున దీపము లేక నిలిపిన లారీ వెనుక వచ్చువారికి యమపాశము.

మా నెల్లూరి మనుమసిద్ధి మంత్రి తిక్కన తెనిగించిన భారత భాగములలో ద్రోణపర్వ మొకటి. ఆ పర్వకథ నెఱిగిన సోదరీమణులకు సైంధవవధ నాటి ముచ్చట జ్ఞప్తియందుండును. ప్రొద్దు గ్రుంకులోపల సైంధవుని జంపుదునని అర్జునుని ప్రతిజ్ఞ. అంతటి గడువు నెత్తిమీద నుండగా, శత్రుసేన నడుమనే కృష్ణుడు అలసిన గుఱ్ఱములను విప్పి, నీరు త్రాగించి, సేదదీర్చి, మరల రథమునకు గట్టెను. లారీకి అలసట లేదు. ఇక్కడ అలయు గుఱ్ఱము తోలువాడే.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనియు, ఐదు గంటలు నడిపిన పిమ్మట అరగంట విశ్రాంతియు విధించెను. అయితే ఐదుగురు పనివారైనను లేని చోట అది సాధారణముగా వర్తింపలేదు. ఒకటి రెండు లారీలు గల యజమాని కడ జేరిన వానికి ఆ నీడ దక్కలేదన్నమాట. కావున చేరునాడే నోరు విప్పి అడుగవలెను: దూరపు ట్రిప్పుకు రెండవ డ్రైవరు ఉండునా? బత్తా ఎంత? జరిమానా ఎవరు కట్టవలెను? 2025 అక్టోబరు 1 మొదలు తయారగు పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసిరి గాని, క్రొత్తవాని చేతికి వచ్చునది తఱచు పాతబండియే.

ప్రమాదము జరిగినచో బండి విడిచి పాఱిపోవలదని బిడ్డకు ముందే చెప్పుడు. జనులు మీదికి వత్తురను భయ మున్నచో కొంత దూరము పోయి యైనను 108కిని, పోలీసులకును ఫోను చేయవలెను.

ఇక ఇంటి పని. స్టీరింగు పట్టినవానికి ఊరక ఫోను చేయరాదు. అతడు ఆగు వేళ కనుగొని మాటలాడవలెను. రాత్రియెల్ల నడిపి వచ్చినవానిని పెండ్లిండ్లకును, అంగడికిని త్రిప్పవలదు. చీటీ డబ్బు కట్టవలెనని మరియొక ట్రిప్పుకు త్వరపెట్టవలదు. మా వీధిలో ఒక డ్రైవరు భార్య, పెనిమిటి ఇంట నిద్రించు పగటిపూట కిటికీకి పాత దుప్పటి కట్టి, మిక్సీని పొరుగింటికి గొనిపోయి పచ్చడి చేసికొని వచ్చును. నడిపగట మిక్సీ చంకబెట్టుకొని పోవు ఆమెను జూచి నవ్వువారు ఇప్పటికిని గలరు.