రోకలి నిలబడితే సరిపోదు

1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం మా వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. సంపూర్ణ సూర్యగ్రహణం. హైదరాబాదుకు దగ్గర్లోని రంగాపూర్ పరిశీలనాలయం ఆ నీడ దారిలోనే ఉందని పెద్దవాళ్ళు చెప్పుకుంటున్నారు. అక్కడ శాస్త్రవేత్తలు ఆకాశం చూస్తుంటే, ఇక్కడ మేం తలుపులు బిగించుకుని ఇత్తడి పళ్ళెం చూశాం.

పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, నడిమధ్య రోకలి నిలబెట్టింది మా నాయనమ్మ. మెల్లగా చెయ్యి తీసేసింది. రోకలి నిలబడింది! గ్రహణం ఉన్నంతసేపే అలా నిలబడుతుందని నమ్మకం. ఇంటిల్లిపాదీ దణ్ణం పెట్టారు. నేనూ పెట్టాను. అంత పొడుగు కర్ర ఏ ఆసరా లేకుండా నిలబడితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది మరి.

నాలుగు రోజులు పోయాక, అందరూ కునుకు తీస్తున్న వేళ చూసి, అదే రోకలిని వసారాలో నిలబెట్టాను. మొదటిసారి పడింది. రెండోసారి నా కాలి బొటనవేలి మీద పడింది. మూడోసారి నిలబడింది. అడుగున చదునుగా ఇనప పొన్ను ఉంటుంది కదా, నేల సమంగా ఉండి చెయ్యి నిదానంగా తీస్తే చాలు, నిలబడడానికి సూర్యుడి అనుమతి అక్కర్లేదు. వెళ్ళి నాయనమ్మను లేపుకొచ్చాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, "గ్రహణం ఛాయ ఇంకా పోలేదురా" అంది.

"ఎప్పుడు పోతుంది నాయనమ్మా?"

"పోయినప్పుడు పోతుంది. ముందు దాన్ని తీసి మూలన పెట్టు."

అప్పుడు నవ్వుకున్నాను. పెద్దయ్యాక శాస్త్రాల చరిత్ర చదువుతుంటే, దాదాపు ఇలాంటి జవాబే చెప్పి ప్రపంచ ప్రసిద్ధుడైన ఫ్రెంచి పెద్దమనిషి ఒకాయన తగిలాడు. ఉర్బెన్ లె వెరియే. అప్పట్నుంచి నాయనమ్మను వెక్కిరించడం మానేశాను.

సంగతేమిటంటే, యురేనస్ గ్రహం దారి తప్పింది. హెర్షెల్ దాన్ని 1781లో కనిపెట్టాడు. న్యూటన్ సూత్రాలతో లెక్కగట్టి ఫలానా రాత్రి ఫలానా చోట ఉండాలంటే, అది కొంచెం అటో ఇటో ఉండేది. సిద్ధాంతం ఒకటి చెప్పింది, కన్ను ఇంకొకటి చూసింది. బడిలో మనకు చెప్పినట్టయితే ఆ క్షణాన న్యూటన్‌ను అటకెక్కించాలి. ఎవరూ ఎక్కించలేదు. లె వెరియే ఏమన్నాడంటే, న్యూటన్ తప్పు కాదు, మనకు కనబడని గ్రహం ఇంకొకటి అవతల ఉండి యురేనస్‌ను లాగుతోంది అన్నాడు. ఛాయ ఇంకా పోలేదురా అన్నట్టే ఉందా లేదా?

కానీ ఆయన అక్కడితో ఆగలేదు. కాగితం మీద లెక్క చేసి, ఆ కనబడనిది ఎక్కడుందో చెప్పి, బెర్లిన్ పరిశీలనాలయంలో గాలె అనే ఆయనకు ఉత్తరం రాశాడు. ఉత్తరం 1846 సెప్టెంబరు 23న అందింది. ఆ రాత్రే గాలె దూరదర్శిని తిప్పాడు. పక్కన ఒక కుర్రాడు నక్షత్ర పటం ముందేసుకుని, గాలె చెప్పే ఒక్కో చుక్కనూ పటంతో సరిచూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి పటంలో లేని చుక్క ఒకటి తగిలింది. అదే నెప్ట్యూన్. లె వెరియే చెప్పిన చోటుకు ఒక డిగ్రీ లోపే. ఇంగ్లండులో ఆడమ్స్ అనే ఆయన కూడా ఇదే లెక్క చేశాడు, ఘనత ఎవరిదని రెండు దేశాలూ చాలాకాలం కొట్టుకున్నాయి. ఆ తగువు మనకెందుకు!

ఒకసారి చెయ్యి పండినవాడు మళ్ళీ అదే పాచిక వేస్తాడు. ఈసారి బుధగ్రహం. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు మెల్లమెల్లగా జరుగుతూ ఉంటుంది. తెలిసిన గ్రహాల లాగుడంతా కలిపినా, నూరేళ్ళకు 43 ఆర్క్‌సెకన్లు లెక్కకు మిగిలిపోతున్నాయి. ఎంతంటే, ఆ మిగులు నిండు చంద్రుడి వెడల్పంత కావాలంటే నాలుగు వేల ఏళ్ళకు పైగా పడుతుంది. ఇంతోటి దానికి గొడవేమిటని మనం అంటాం. వాళ్ళకు నిద్ర పట్టలేదు. లె వెరియే 1859లో, సూర్యుడికీ బుధుడికీ మధ్య మనకు తెలియనిదేదో తిరుగుతోందన్నాడు.

అన్న కొన్నాళ్ళకే ఓర్జెర్ అనే పల్లెటూరి నుంచి డాక్టరు ఒకాయన ఉత్తరం రాశాడు. పేరు లెస్కార్బో. సూర్యబింబం మీదుగా నల్లటి చుక్క ఒకటి దాటిపోవడం ఆ ఏడాది మార్చి 26న చూశానని. లె వెరియే పేరు చెప్పకుండా ఆ ఊరెళ్ళి, డాక్టరు తలుపు తట్టి, పోలీసు దర్యాప్తులా నిలదీశాడు. డాక్టరు గడియారంలో సెకన్ల ముల్లు లేదు. మరి సెకన్లు ఎలా కొలిచావంటే, మేకుకు పట్టుదారంతో దంతపు గుండు వేలాడదీసి ఊపి చూపించాడు. లెక్కలేవంటే చెక్క పలకలు చూపించాడు. నిండితే చిత్రిక పట్టి చెరిపేసి మళ్ళీ రాసుకుంటాడట. ఈయన వైద్యం పక్కన వడ్రంగం కూడా చేసేవాడు లెండి. అంతటి లె వెరియే కరిగిపోయాడు. డాక్టరుకు లెజియన్ ఆఫ్ ఆనర్ వచ్చింది. గ్రహానికి వల్కన్ అన్న పేరొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

డాక్టరు చుక్కను చూశానన్న సరిగ్గా అదే సమయానికి బ్రెజిల్‌లో సూర్యుణ్ణే చూస్తున్నాను, నాకు ఏ చుక్కా కనబడలేదని లియే అనే ఖగోళ పండితుడు మొత్తుకున్నాడు. చూసినవాడికి పతకం, చూడనివాడికి చీవాట్లు. నన్నడిగితే ఆ కథలో బంగారం లాంటి మాట లియేదే.

వల్కన్ ఫలానా రోజు సూర్యుడి ముందు నుంచి వెళుతుందన్నారు, వెళ్ళలేదు. 1878 గ్రహణంలో వాట్సన్ అనే అమెరికన్ చూశానన్నాడు, మిగతావాళ్ళలో చాలామంది లేదన్నారు. ఆయన పట్టువదలకుండా, పట్టపగలు చూడొచ్చని నుయ్యిలాంటి గొయ్యి తవ్వించడం మొదలుపెట్టి 1880లో పోయాడు. తర్వాత వచ్చినాయన దాన్ని పూర్తిచేసి, పనికిరాదని తేల్చాడు. 1901, 1905, 1908 గ్రహణాల్లో లిక్ పరిశీలనాలయం వాళ్ళు ఫొటో పలకల మీద వెతికారు. శూన్యం. లె వెరియే మాత్రం చివరిదాకా వల్కన్‌ను వదల్లేదు. 1877లో కన్నుమూశాడు, అదీ సెప్టెంబరు 23నే.

మనిషి ఒకడే, పద్ధతి ఒకటే. ఒకసారి నెప్ట్యూన్ దొరికింది, ఒకసారి బూడిద దొరికింది. ఏది ఏమవుతుందో ముందే చెప్పగల తర్కం ఏదీ లేదు, వెళ్ళి చూడాల్సిందే. ఆయనకూ మా నాయనమ్మకూ తేడా తెలివిలో లేదు. ఆయన ఎక్కడ చూడాలో చెప్పాడు కాబట్టి ఓడిపోగలిగాడు. మా నాయనమ్మ ఛాయకు తేదీ లేదు, చిరునామా లేదు, దాన్ని ఓడించేదెవరు?

బుధుడి బాకీ 1915 నవంబరులో తీరింది. ఐన్‌స్టీన్ కొత్త సిద్ధాంతంతో లెక్క కడితే 43 దానంతటదే వచ్చింది. గుండె దడదడలాడిందని తర్వాత చెప్పుకున్నాడట. అయినా పాత లెక్క సరిపోవడం ఒక ఎత్తు, జరగబోయేది చెప్పడం ఒక ఎత్తు. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్‌సెకన్లు వంగుతుందన్నాడు. న్యూటన్ లెక్కన అందులో సగమే. 1919 మే 29 గ్రహణానికి ఎడింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆఫ్రికా దగ్గరి ప్రిన్సిపే దీవికి, మరో జట్టు బ్రెజిల్‌లోని సోబ్రాల్‌కు వెళ్ళారు. ప్రిన్సిపేలో 1.61, సోబ్రాల్‌లో చిన్న దూరదర్శినితో 1.98 వచ్చాయి. ఐన్‌స్టీన్‌కు జేజేలు. అప్పటికి పదిహేడేళ్ళ కుర్రాడు, తర్వాత తత్వవేత్తగా పేరు తెచ్చుకున్న కార్ల్ పాపర్, వియన్నాలో ఈ వార్త చూసి, తాను ఎప్పుడు తప్పవుతుందో ముందే చెప్పేదే శాస్త్రం అన్న ఆలోచనకు అంకురం వేసుకున్నాడు.

పేపర్లలో పెద్దగా రాని ముక్క ఒకటుంది. సోబ్రాల్‌లోనే ఇంకో దూరదర్శిని న్యూటన్‌కు దగ్గరగా, 0.9 అటూ ఇటూగా చూపించింది. ఎండవేడికి అద్దం తేడా చేసి బొమ్మలు అలుక్కుపోయాయని ఆ పలకల్ని లెక్కలో పక్కన పెట్టారు. అంటే ఛాయ ఇంకా పోలేదురా అనేశారన్నమాట! నాకు చాలా రోజులు ఇది ముల్లులా గుచ్చుకుంది. అయితే వాళ్ళు పలకల్ని పారెయ్యలేదు. 1979లో గ్రీనిచ్‌లో కొత్త యంత్రాలతో అవే పలకల్ని మళ్ళీ కొలిస్తే 1.55 వచ్చింది. ఈలోగా 1922లో ఆస్ట్రేలియాలో గ్రహణాన్ని ఫొటో తీసి 1.72 అని తేల్చింది ఎవరనుకున్నారు? వల్కన్ కోసం వెతికి వెతికి అలిసిపోయిన ఆ లిక్ పరిశీలనాలయం వాళ్ళే.

సరే, చాలాసేపు కూర్చోబెట్టాను. మీ ఇంట్లో పొన్నున్న రోకలి ఇంకా మిగిలుంటే, ఏ గ్రహణమూ లేని మంగళవారం నాడు నిలబెట్టి చూడండి. నిలబడినవే కాదు, పడినవి కూడా లెక్క రాసుకోండి. బొటనవేలు జాగ్రత్త.