గ్రాండ్ ర్యాపిడ్స్‌లో గుర్తుకొచ్చిన ఉదయగిరి నీళ్ళు



ఈ సంవత్సరాంతపు సెలవులు నాకూ నా శ్రీమతికీ అమెరికాలో గడుస్తున్నాయి. మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలో మా అబ్బాయి కుటుంబం ఉంటోంది. కిటికీలోంచి చూస్తే ఇళ్ళ కప్పులూ చెట్లూ మంచుతో తెల్లగా కనిపిస్తాయి. ఆ చలిలో నా వయసువాడు బయట తిరగలేడు. గడిచిన 2025వ సంవత్సరాన్ని నెమరు వేసుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. ఆ ఆలోచనలలో ఒకటి మీ ఆరోగ్యానికి సంబంధించినది కనుక మీతో పంచుకుంటున్నాను.

వచ్చిన మరునాటి ఉదయం మాత్ర వేసుకోవడానికి నీళ్ళు అడిగాను. మా అబ్బాయి వంటింటి కుళాయి తిప్పి గ్లాసు నింపి ఇచ్చాడు. నేను తటపటాయించాను. ఆత్మకూరులో ఇరవై లీటర్ల క్యాను నీళ్ళకు అలవాటుపడిన ప్రాణం కదా! "తాగండి నాన్నా, ఇక్కడ అందరూ ఇవే తాగుతారు" అన్నాడు. పక్కనే ఉన్న మనవడు, "తాతయ్యా, పళ్ళు పుచ్చకుండా నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం ప్రపంచంలో మొట్టమొదట మా ఊళ్ళోనే మొదలైంది, తెలుసా?" అని గర్వంగా చెప్పాడు.

వైద్య విద్యార్థిగా నేను చదువుకున్న విషయమే అది. 1945 జనవరి 25న ఈ ఊరి నీటి సరఫరాలో ఫ్లోరైడ్ కలపడం ప్రారంభించారు. ఆ తరువాత పుట్టిన పిల్లలలో దంతక్షయం 60 శాతానికి పైగా తగ్గినట్లు పదకొండేళ్ళకు పరిశోధకులు ప్రకటించారు. మొదట్లో లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండేలా కలిపేవారు. 0.7 మిల్లీగ్రాములు చాలునని 2015లో అమెరికా ప్రభుత్వం సూచించింది. అసలు కలపడం అవసరమా అన్న వివాదమూ సాగుతోంది. 2025లోనే యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు ఆ పద్ధతిని నిలిపివేశాయి.

గ్లాసు చేతిలో ఉండగానే నా మనసు ఉదయగిరి కొండ కిందికి వెళ్ళిపోయింది. ఇక్కడివారు తూచి కలిపి, ఎంత కలపాలో వాదించుకునే పదార్థం, మన మెట్టప్రాంతంలో ఎవరూ కలపకుండానే బోరు నీళ్ళలో ఊరుతోంది.

ఉదయగిరి, వరికుంటపాడు మండలాల్లోని పలు గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి ఆధారం లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. నేలలోని రాళ్ళలో ఉండే ఫ్లోరైడ్ ఖనిజాలు నీటిలో కరుగుతాయి. వానలు తక్కువై, బోర్లు లోతుకు పోయేకొద్దీ, రాతిని చాలాకాలం అంటిపెట్టుకున్న నీరే మనకు దక్కుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా వర్ణించిన తొలి నివేదిక 1937లో వెలువడింది. అది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించినదే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలో భాగం.

ఇంతకాలంగా తెలిసిన జబ్బును ఆ ప్రాంతంలోనే వైద్యం చేసిన నేను ఎంతవరకు గుర్తించాను? ఈ ఏడాది నన్ను వదలని ప్రశ్న ఇదే.

గడిచిన వేసవిలో ఉదయగిరి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దమ్మను ఆమె కొడుకు ఆత్మకూరులోని మా ఇంటికి తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్ళ క్రితం నా వద్ద మోకాళ్ళ నొప్పులకు వైద్యం చేయించుకున్న మనిషి. నడుము వంగిపోయింది. మెడ బిగుసుకుపోయి, నా ముఖం చూడాలంటే ఒళ్ళంతా పక్కకు తిప్పవలసి వస్తోంది. కొంగు ముడి విప్పి నలిగిపోయిన మందుల అట్ట చూపించింది. "మీరు రాసిచ్చిన బిళ్ళే సామీ, ఇన్నేళ్ళూ వేసుకుంటా ఉండా. వేసుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటది" అన్నది. కృతజ్ఞతతో అన్న మాట అది. నాకు మాత్రం ములుకులా తగిలింది.

పరీక్ష చేయిస్తే మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిన్నాయని తేలింది. దీపావళికి ముందే ఆమె కన్నుమూసింది. నొప్పి బిళ్ళలే ఏకైక కారణమని చెప్పలేను. ఆమెకు రక్తపోటు కూడా ఉంది. అయితే ఇక్కడొక విషవలయం ఉన్నది. శరీరంలోకి చేరిన ఫ్లోరైడ్‌ను ప్రధానంగా బయటికి పంపేవి మూత్రపిండాలు. నొప్పి బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే అవి దెబ్బతినవచ్చు. అప్పుడు ఫ్లోరైడ్ బయటికి పోక ఎముకలలో మరింత పేరుకుంటుంది. నొప్పి ఎక్కువవుతుంది, బిళ్ళలూ ఎక్కువవుతాయి. ముప్పై ఏళ్ళ క్రితం నేను ఆమె మోకాళ్ళు నొక్కి చూశాను, బిళ్ళలు రాశాను. "అమ్మా, మీరు ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని మాత్రం అడగలేదు.

ఆ ప్రశ్నను ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊరిది బోరు నీరైతే దయచేసి ఈ సంగతులు గుర్తుంచుకోండి.

ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. పరీక్షిస్తేనే తెలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా ఉపయోగం లేదు.

చాలా ఇళ్ళలో తాగడానికి క్యాను కొంటారు, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్ళతోనే వండుతారు. ఎసట్లోని ఫ్లోరైడ్ అన్నంతోపాటు కడుపులోకే చేరుతుంది. వంటకూ మంచినీళ్ళే వాడండి. శుద్ధి కేంద్రం నీళ్ళనైనా ఏడాదికొకసారి పరీక్ష చేయించండి, ఎందుకంటే అందులోని పొరలు అరిగిపోతే ఫ్లోరైడ్ ఆగదు.

చిన్నపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. శాశ్వత దంతాలపై పింగాణీ పొర దాదాపు ఎనిమిదేళ్ళలోపే ఏర్పడుతుంది. పళ్ళపై సుద్దలాంటి మచ్చలు, గోధుమరంగు అడ్డచారలు కనిపిస్తే నీటిని అనుమానించండి. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి తరచుగా పెట్టండి. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. ముందుజాగ్రత్తే శరణ్యం.

నొప్పి బిళ్ళలను పాత చీటీతో ఏళ్ళ తరబడి కొనకండి. ఇప్పటికే అలా వాడుతున్నవారు వెంటనే క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోండి.

నాలాగా పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దలకూ, సంక్రాంతికి విమానమెక్కబోతున్న పిల్లలకూ ఒక విన్నపం. మీరు ఉండే నగరంలో కుళాయి నీళ్ళలో ఏమున్నదో అడిగితే లెక్కతో సహా చెబుతారు. మీ అమ్మానాన్నలు తాగే నీళ్ళ లెక్క మీకు తెలుసా? ఊరికి వెళ్ళినప్పుడు ఒక శుభ్రమైన సీసాలో ఆ నీళ్ళు పట్టి పరీక్షకు పంపండి.

ఫిబ్రవరిలో మేము ఆత్మకూరు చేరుకుంటాము. వెళ్ళగానే ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, ఆ ఇంటివారు నేటికీ తాగుతున్న బోరు నీళ్ళు సీసాలో పట్టుకొని రావాలని నిర్ణయించుకున్నాను. ఆ ఇంట్లో ఇద్దరు మనవలు ఉన్నారు. చిన్నవాడికి ఇంకా పాలపళ్ళే.